మూడు దినాల పదును

సుంకులమ్మ ఊరికే కూర్చోగా చూసిన మనిషి ఆ ఊళ్లో లేడు. పత్తికొండ బస్సు అరగంట ఆలస్యమైతే ఆ అరగంటా పక్కన కూర్చున్న ఎవరి పిల్లకో తలలో పేలు చూసేది. చావు కూడా ఆమెను పనిలో ఉండగానే పట్టుకుంది. ఆ పొద్దున చేటలోని ఆఖరి దోసెడు వేరుశనగకాయలు ఒలిచి, విత్తనం మూటకు ముడివేసి, "అమ్మయ్య! అయిపాయె" అని గోడకు ఆనుకుంది. మనవరాలు అమూల్య కాఫీ తెచ్చేసరికి జేజి లేదు.

ఆమెను మట్టి చేసి వచ్చిన సాయంత్రమే వాన దంచి కొట్టింది. ఆరుద్ర కార్తె వాన! రెండేళ్ల కరువు తర్వాత ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి తడిసింది. సుంకులమ్మ కొడుకు రామకృష్ణ ఒక్కడే వసారాలో నిలబడి, చూరు నీళ్లు చూస్తూ, "ఇదేం ఖర్మరా దేవుడా" అనుకున్నాడు.

ఖర్మ కాక మరేమిటి? ఇంట్లో అంటు. పదకొండో రోజు కర్మ అయ్యేదాకా ఆ ఇంటివాళ్లు విత్తనం ముట్టకూడదు. ముడితే మొలవదంటారు, మొలిచినా అరిష్టమంటారు. ఎర్రనేల సంగతి చూస్తేనా, వాన వెలిసిన మూడో రోజుకు పదును ఆరిపోతుంది. ఆ తడిలో పడని గింజను మట్టిలో వేసినా ఒకటే, పొయ్యిలో వేసినా ఒకటే. మళ్లీ వాన ఎప్పుడో ఎవరికీ తెలియదు. వరసగా మూడో ఏడూ పోతే కొట్టంలో ఎద్దులు నిలవవు, కర్నూల్లో అమూల్య చదువు నిలవదు.

మరునాడు తెల్లవారింది మొదలు రామకృష్ణకు కాలు నిలవలేదు. చేనికి పోతాడు, గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగిస్తాడు, ముద్ద కడుతుంది. ఇంటికి వస్తాడు. పలకరించ వచ్చినవాళ్లు అమ్మ మంచితనం చెబుతుంటే ఊ కొడతాడు, మళ్లీ లేస్తాడు. చుట్టుపక్కల చేలన్నింటిలో విత్తనం వేసే గొర్రులు నడుస్తున్నాయి. తల్లి పోయిందన్న మాటే గానీ అతని కంట్లో ఒక్క చుక్క లేదు. అమ్మకంటే చేనే ఎక్కువైందా నాకు అని తనను తాను తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే ఇంకోసారి పోయివచ్చాడు.

"నాన్నా, ఇది ఆరోసారి పోతాండావు," అంది అమూల్య. "జేజి ఉంటే ఏమంటాదో తెలుసా?"

తెలియకేం! నలభై ఏళ్లుగా విన్న మాటే. "చూస్తే పండదురా చేను, చేస్తే పండుతాది." మొగుడు కామెర్లతో పోయేనాటికి సుంకులమ్మకు ఇరవై నాలుగేళ్లు. చంకలో రామకృష్ణ, చేతిలో నాలుగెకరాల మెట్ట. ఆ మెట్ట మీదే కొడుకును పెంచింది, పెళ్లి చేసింది. ఆడపిల్లకు అంత చదువెందుకన్నవాళ్లను నోటితోనే తరిమి మనవరాలిని కాలేజీలో చేర్పించింది. తాను వేలిముద్ర మనిషి, అయినా అమూల్య మార్కులు సంతలో కూరగాయలమ్మేవాళ్లకు కూడా కంఠతా వచ్చేలా చెప్పేది. మిషన్లో ఒలిపిస్తే గింజ పొర చిట్లుతుందని, విత్తనం మాత్రం ప్రతి ఏడూ చేత్తోనే ఒలిచేది. బొటనవేలు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకొని ఒలిచేది.

మూడో రోజు పొద్దున్నే గోరీ మీద పాలు పోసి వస్తూ రామకృష్ణ చేనులో వంగి మట్టి తీశాడు. పిడికిట్లో సగం పొడి రాలింది. ఇక ఆగలేక, ఇంటికి రాగానే పెద్దనాయన దగ్గర నోరు తెరిచాడు. పుల్లన్నకు ఎనభై దాటాయి. చనిపోయిన తండ్రికి అన్న, ఆ వంశానికి పెద్ద.

"పెద్దనాయనా, ఈ పొద్దు ఏస్తే ఏసినట్ల. లేకుంటే ఈ యేడూ పాయె. ఏం సేయమంటావు?"

"తల్లి గోరీ మీద పాలు ఆరల్య, అప్పుడే ఇత్తనమంట! సిగ్గు లేదేమిరా? నలుగురూ ఉమ్మెయ్యరా?"

రామకృష్ణ తల వంచుకున్నాడు. అరుగు మీద కూర్చున్న ఉరుకుందమ్మ అప్పుడు లేచింది. సుంకులమ్మతో కలిసి యాభై ఏళ్లు గొర్రు వెంట విత్తనం వేసిన ముసలి కూలిమనిషి ఆమె.

"ఈ మాట ఈ వాకిట్లో అనేది నీకు రెండోసారి పుల్లన్నా," అంది. "మొదటిసారి ఆయమ్మతో అన్యావు."

"నోరు మూయి," అన్నాడు పుల్లన్న. గొంతులో బలం లేదు.

"మూసుకొనే ఉంటి ఇన్నేండ్లు. కొడుక్కి సెప్పొద్దని ఆయమ్మ సూసినోళ్లందరితో ఒట్టు పెట్టిచ్చుకునె. ఇప్పుడు ఆయమ్మే పాయె, ఇంగ నాకేం? రామకిష్ణా, ఇను. మీ నాయన పోయినప్పుడూ ఇట్లే వాన పడిండె. ఈయన ఎద్దులియ్యల్య. మా ఇంటాయన తోలుకొచ్చె. మూడోనాడు మీయమ్మ నిన్ను ఈపుకు కట్టుకొని, ఒడిలో ఇత్తనం పోసుకొని, గొర్రు ఎంబడి నడిసె. ఊరంతా గట్టు మీద నిలబడి, మొగుడు సస్తే దీనికి కన్నీళ్లు గూడ రాల్యా అనిరి. ఈయనైతే పదేండ్లు ఆయమ్మ సేతి నీళ్లు ముట్టల్య. అక్కా, నీకు ఏడుపు రాల్యా అని నేనే అడిగితి. 'ఏడుపు బతికినన్ని దినాలూ ఏడుస్తాలే, పదును మూడు దినాలే ఉంటాది' అనె."

చిన్నప్పుడు రామకృష్ణ పెద్దనాయన ఇంటికి రాకపోకలు ఎందుకు లేవని అడిగితే, భాగాల తగాదా అనే చెప్పింది అమ్మ. కొడుక్కి పెద్దనాయన మీద కోపం పుట్టకూడదని ఆ అబద్ధాన్ని చచ్చేదాకా మోసింది. ఎంత గుండెరా ఆ మనిషిది అనుకున్నాడు రామకృష్ణ.

పుల్లన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నా ఎద్దులు గూడ తోలుకపోప్పా," అన్నాడు. "ఒక జత అలిస్తే ఇంగొక జత కట్టు. పొద్దు గూకేలోపల అయిపోతాది."

గంటలో గొర్రు చేనులో దిగింది. జేజి ఒలిచిన గింజలు ఒడిలో పోసుకొని ఉరుకుందమ్మా అమూల్యా వెనక నడిచారు. మొదటి సాలు సగానికి వచ్చేసరికి, మూడు రోజులుగా రానిది రామకృష్ణకు ఒక్కసారిగా వచ్చింది. "అమ్మా!" అని చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. చేతిలో పగ్గాలు సడలాయి, ఎద్దులు నిలవబోయాయి.

"ఏడువప్పా, నీకెంత కావల్నో అంత ఏడువు," అని వెనక నుంచి కేక వేసింది ఉరుకుందమ్మ. "ఎద్దులను మాత్రం నిలపాకు, సాలు వంకర పోతాది."

రామకృష్ణ ముక్కు చీది, ఏడుస్తూనే ఎద్దులను అదిలించాడు.