అన్సెల్మో ఎత్తున కోసిన కర్ర

"నాకు పీల్చడం రాదని మాత్రం రాసుకోకు పిల్లా. నలభై ఏళ్లుగా ప్రతి డాక్టరూ అదే పాట."

రాజధాని సాన్ హువాన్ నుంచి ఉబ్బసం పరిశోధన పని మీద వచ్చిన నర్సు మారిసేలా నవ్వి, ఊదే గొట్టం మళ్లీ ముసలి ఓబ్దూలియా చేతికిచ్చింది. పావుగంట క్రితం ఆమె చేత మందు పంపు పీల్పించింది. అది పనిచేసి ఉంటే ఇప్పుడు అంకె పెరగాలి. ఓబ్దూలియా కళ్లు మూసుకుని ఊదింది. మారిసేలా తెర వైపు రెండుసార్లు చూసింది.

"మీరు పీల్చినదాంట్లో వంక పెట్టడానికేం లేదు పెద్దమ్మా. నాకన్నా బాగా పీల్చారు. అంకే కదల్లేదు."

"మరి తప్పెవరిది?"

"ఎవరిదీ కాదు. ఈ పంపు అందరికీ ఒకేలా పట్టదు. మన ద్వీపం వాళ్లలో చాలామందికి తక్కువే పడుతోంది. పుట్టుకతో వచ్చే జన్యువుల్లో తేడాల వల్ల ఇది ఎంతవరకో చూడ్డానికే మీ రక్తం తీసుకున్నాం. మీకు రోజూ వాడే వేరే మందు కావాలని డాక్టరుకి రాస్తాను."

ఓబ్దూలియా కాఫీ వంచింది. రెండో కప్పు అరలోంచి దించి ఎన్నేళ్లయిందో, దుమ్ము కడగాల్సి వచ్చింది. ఆ కొండ మీద ఇంటికి మనిషన్నవాళ్లు రావడమే అరుదు.

"ఆ మూలనున్న కర్ర చూశావా? మా తమ్ముడు అన్సెల్మోది. వాడికి ఏడేళ్లప్పుడు మా అమ్మ వాణ్ణి నిలబెట్టి, సరిగ్గా వాడి ఎత్తున కోసి ఇంటికప్పులో దాచింది. కర్రని దాటి ఎదిగితే ఆయాసం వదిలిపోతుందని. తొమ్మిదో ఏట దాటాడు. కోడిని కోసుకున్నాం."

"మా బామ్మా నాకు కోసింది."

"వదిలిందా?"

మారిసేలా జేబులోంచి తన పంపు తీసి ఊపింది. ఓబ్దూలియా నవ్వబోయి దగ్గింది.

ఆ కర్రను నమ్మి ఇల్లంతా మోసపోయింది. పెద్దయ్యాక అన్సెల్మో పిల్లికూతల్లా ఊపిరి తీస్తుంటే, కర్ర దాటినవాడికి ఆయాసమేమిటి, పని ఎగ్గొట్టే వేషాలు అన్నారు. పదకొండేళ్ల కింద ఒక మధ్యాహ్నం, ఇదే వసారాలో, వాడు పంపు పట్టుకుని పెనుగులాడుతుంటే, "పెదాలు బిగించి పీల్చరా మొద్దూ!" అని అరిచింది ఓబ్దూలియాయే. కారు దొరికేసరికి అయిపోయింది.

వాడు పోయిన తొమ్మిదో రోజు ప్రార్థనలో, ఊరంతా వింటుండగా, "సరిగ్గా పీల్చి ఉంటే బతికేవాడు" అంది ఓబ్దూలియా. అన్సెల్మో కూతురు నెరెయిదా చేతిలో జపమాల బల్ల మీద పెట్టి లేచి వెళ్లిపోయింది. గంట ప్రయాణంలో ఉన్న బయమోన్‌లోనే ఉంటుంది. మళ్లీ గడప తొక్కలేదు, ఫోనెత్తలేదు.

"ఈ పంపు పీలుస్తూనే పోయాడు అన్సెల్మో. వాడికీ నాలాగే అయ్యుంటుందా?"

"అయ్యుండొచ్చు పెద్దమ్మా, ఒక కడుపున పుట్టారు కదా. ఖాయంగా చెప్పలేను. ఆయన రక్తం మన దగ్గర లేదు."

"సరిగ్గా పీల్చినా పట్టకపోవచ్చు. అదైతే నిజమేగా?"

"అది నిజం."

మారిసేలా పెట్టె సర్దుకుని లేచాక, ఓబ్దూలియా కరెంటు బిల్లు వెనక ఒక చిరునామా రాసి ఆమె గుప్పిట్లో పెట్టింది.

"నువ్వు వెళ్లేది బయమోన్ మీదుగానే కదా తల్లీ. ఇది అన్సెల్మో కూతురు నెరెయిదా ఇల్లు. దానికీ ఆయాసమే, దాని సంచిలోనూ ఈ పంపే ఉంటుంది. నేను పంపానని ముందే అనకు, తలుపేసేస్తుంది. ముందు మందు సంగతి చెప్పు. దాని చేత ఊదించు. వేరే మందు కావాలంటే రాయి. ఆ తర్వాత చెప్పు, మీ నాన్న సరిగ్గానే పీల్చాడు, మీ అత్త కళ్లారా చూసింది, అని."