నల్ల కాగితాల మీద తెల్ల పెన్సిల్

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే రోజూ కుమిలిపోతున్నానని కాదు. అలా చెబితే అదీ అబద్ధమే అవుతుంది. ఆఫీసుకి వెళ్తాను, వండుతాను, నవ్వుతాను, వారాలకు వారాలు అది గుర్తే రాదు. ఆ తరువాత ఎవరో ఒక పాత ఫోటో తీసి, తిప్పి, వెనక ఏమైనా రాసి ఉందా అని చూస్తారు. అంతే, అదంతా మళ్లీ కళ్ల ముందుకొస్తుంది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఓదార్చకండి. వినండి చాలు.

2007లో ఇల్లినాయ్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. యూనివర్సిటీ లైబ్రరీలో, పాత కాగితాలు భద్రపరిచే విభాగంలో నాకు అసిస్టెంట్‌షిప్ దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులు అక్కడ చేతికి చిక్కినవి తెచ్చుకున్నారు. వాళ్లు పోయాక, ఏం చేసుకోవాలో తెలియక పిల్లలు ఆ పెట్టెలు మాకు ఇచ్చేవారు. వాటిలో జర్మన్ సైనికులు స్వయంగా తీసుకున్న ఫోటోలు చాలా ఉండేవి. ట్యాంకులు, ఫిరంగులు, బురదలో దిగబడిన లారీలు, వాటికి ఆనుకుని సిగరెట్ కాలుస్తున్న కుర్రాళ్లు. వాటిని స్కాన్ చేసి, ఒక్కోదానికి ఒక ముక్క వివరణ రాసి వెబ్‌సైట్‌లో పెట్టడం నా పని.

మొదట్లో నాకు ట్యాంకులన్నీ ఒకేలా కనిపించేవి. ఒక సెమిస్టర్ తిరిగేసరికి పక్క చక్రాలు లెక్కపెట్టి అది ఏ రకమో చెప్పేదాన్ని. మా విభాగం చూసుకునే లిండా ఒకసారి అందరి ముందూ మెచ్చుకుంది. అక్కడే నాకు కళ్లు నెత్తికెక్కాయి. పొగడ్తకు అంతగా లొంగిపోయే మనిషినని అప్పటిదాకా నాకే తెలియదు.

లిండా చేతికి ఆపరేషన్ అయి మూడు వారాలు సెలవు పెట్టింది. వెళ్తూ వెళ్తూ ఒక ఆల్బమ్ నా బల్ల మీద పెట్టి, పైన పసుపు చీటీ అంటించింది. మొదట ఒక్కో పేజీని మొత్తంగా స్కాన్ చెయ్యాలి, తరువాత ఒక్కో ఫోటో, ఏదీ ఊడదీయకూడదు. ఇంత స్పష్టంగా రాసింది. తెలియక చేశాననడానికి నాకు వీల్లేదు.

ఆల్బమ్ లావుగా ఉంది. స్కానర్ మూత పడటం లేదు. నల్లటి పేజీలు ముట్టుకుంటే పొడి రాలి అద్దం నిండా పడుతోంది. ఎంత తుడిచినా మళ్లీ అదే. లిండా తిరిగొచ్చేసరికి అంతా అద్దంలా చేసి చూపించాలనుకున్నాను. పళ్ల సందుల్లో వాడే ఫ్లాస్ దారాన్ని ఫోటో వెనక్కి పోనిచ్చి అటూ ఇటూ లాగితే పాత జిగురు తెగుతుంది. విభాగంలో ఎవరో చేస్తుండగా చూశాను. అలా నూట పాతిక ఫోటోల దాకా ఊడదీశాను. తరువాత, నా తెలివి చూడండి, వాటిని రకాలుగా విడగొట్టాను. ట్యాంకులు ఒక కట్ట, ఫిరంగులు ఒక కట్ట, లారీలు ఒక కట్ట. ఆ సైనికుడు తను నడిచిన దారి వరుసలో అతికించుకున్నాడు. నేను ఆ దారిని చక్రాల లెక్కన ముక్కలు చేశాను.

ప్రతి ఫోటో కిందా, ఆ నల్ల కాగితం మీద, తెల్ల పెన్సిల్‌తో సన్నగా ఏదో రాసి ఉంది. ఊళ్ల పేర్లు కావచ్చు, తేదీలు కావచ్చు. చూశాను. చూడలేదని చెప్పుకోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను గానీ, చూశాను. పాత జర్మన్ చేతిరాత, మా విభాగంలో చదవగలిగిన వాళ్లు లేరు, ఇది ఎవరికి పనికొస్తుందిలే అనుకున్నాను. అట్టలతో సహా పేజీలన్నీ పోగుచేసి చిత్తు కాగితాల డబ్బాలో పడేశాను. ఆ సాయంత్రమే బండి వచ్చి పట్టుకుపోయింది. చేతులు దులుపుకుని, బల్ల తుడుచుకుని, చాలా పని చేశానన్న తృప్తితో ఇంటికి వెళ్లాను.

లిండా తిరిగొచ్చి పెట్టె తెరిచింది. ప్లాస్టిక్ కవర్లలో వరుసగా ఫోటోలు. "ఓ, ఇవి విడిగానే వచ్చాయా? ఆల్బమ్ అనుకున్నానే," అంది. ఆపరేషన్‌కు ముందు నొప్పి మందుల మత్తులో చూసి పొరబడ్డాననుకుంది పాపం. ఆమె ప్రశ్నలోనే నా అబద్ధం తయారుగా ఉంది. నేను తలూపాను. రికార్డులో 'విడి ఫోటోలుగా అందినవి' అని రాసింది. తల ఊపడానికి ఎంతసేపు పడుతుంది?

మరుసటి ఏడాది వసంతంలో లైబ్రరీలో ఆ ఫోటోలతో చిన్న ఎగ్జిబిషన్ పెట్టారు. రెండో రోజు ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్బై దాటి ఉంటుంది, వాకర్ పట్టుకుని నడుస్తోంది. ఒక లారీ ఫోటో ముందు ఆగి, అక్కడే నిలబడిపోయింది. కుర్చీ తెచ్చి వేశాను. కూర్చోలేదు.

పేరు హెలెన్ అని చెప్పింది. పుట్టింది ఉక్రెయిన్‌లో. తనకు ఆరేళ్లప్పుడు జర్మన్ సైన్యం లారీ వచ్చి ఊళ్లో ఆడవాళ్లను పనికని ఎక్కించుకుపోయింది. వాళ్లలో వాళ్లమ్మ ఉంది. మళ్లీ రాలేదు. ఎక్కడికి తీసుకెళ్లారో ఇప్పటికీ తెలియదు.

అప్పుడు నేను ఆ ఫోటోను మొదటిసారి చూశాను. అంతకు ముందు కనీసం పదిసార్లు చూసి ఉంటాను. లారీకి ఆనుకుని ఇద్దరు సైనికులు నవ్వుతున్నారు. వాళ్ల వెనక, ఎడమ పక్కన, తలగుడ్డలు కట్టుకున్న ఐదుగురు ఆడవాళ్లు మూటలతో నిలబడి ఉన్నారు. కింద నేను రాసిన వివరణ: 'సైనిక లారీ, కాన్వాస్ కప్పు, మూడు టన్నులు.' నా వివరణలో ఆడవాళ్లు లేరు.

ఆవిడ లోపలికి వచ్చి అసలు ఫోటో చూస్తానంది. ఇచ్చాను. తిప్పింది. వెనక జిగురుకు నల్ల కాగితం పేలికలు అంటుకుని ఉన్నాయి. వేలితో వాటిని మెల్లగా తడిమింది. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. కానీ నాకు అది ఎప్పుడు గుర్తొచ్చినా తెలుగులోనే వినిపిస్తుంది.

"ఇది దేనికో అంటించి ఉండేది కదమ్మా?"

"మా దగ్గరికి ఇలాగే వచ్చాయండీ."

"కింద ఏమీ రాసి లేదా? ఊరి పేరు గానీ, ఏదైనా?"

"లేదండీ."

"ఒక్క పేరు దొరికితే ఆ ఊరికి ఉత్తరం రాసేదాన్ని. ముసలివాళ్లెవరైనా మిగిలి ఉంటారు. ఈ ఎడమ చివరి మనిషి మా అమ్మ అవునో కాదో వాళ్లు చెబుతారు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఇంత జాగ్రత్తగా దాచారు. థాంక్యూ," అంది. నాకు! తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆ రోజు మా రూమ్మేట్‌తో సగం చెప్పాను. వరంగల్ పిల్ల, మనసు మంచిదే. "పేజీలు తెస్తవా ఇప్పుడు? తేలేవు కదా. మరి లిండాకి చెప్పి ఏం చేస్తవే? అసిస్టెంట్‌షిప్ పోతది, ఫీజ్ కట్టకపోతే వీసా స్టేటస్ పోతది, ఇండియాకి ప్యాక్ చేస్కో ఇగ. లైట్ తీస్కో," అంది. తప్పు ఆమెది కాదు. ఆ మాట ఎవరైనా అంటారేమోనని వెతుక్కుంటూ వెళ్లింది నేను.

హెలెన్ ఇంకో రెండుసార్లు వచ్చింది. భూతద్దం తెచ్చుకుని, ఆ ఐదుగురిలో ఎడమ చివరి మనిషి మోచేతిని, మూట చంకనెత్తుకున్న తీరును చూస్తూ కూర్చునేది. మొహం సరిగా కనిపించదు. మా అమ్మే అనేది ఒకరోజు. కాదేమో అనేది ఇంకోరోజు. నేను పక్క గదిలో ఫిరంగులు స్కాన్ చేసుకుంటూ ఉండేదాన్ని. ఒక్క తలుపు దాటి వెళ్లి చెప్పొచ్చు. చెబితే ఏమవుతుంది? ఊరి పేరు రాదు. ఉన్నది కాస్తా పోయిందన్న బాధ మాత్రం వస్తుంది. ఆవిడ మంచికే దాచానని అప్పట్లో నన్ను నేను నమ్మించుకున్నాను. మీరు నమ్ముతారా? నేనైతే ఇప్పుడు నమ్మను.

చదువు అయింది, న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చింది, ప్లెయిన్స్‌బరోలో కాపురం. ఎన్నోసార్లు కళ్లు మూసుకుని ఆ పేజీని గుర్తు తెచ్చుకోవాలని చూశాను. లారీ ఫోటో కింద రెండు మాటలు, ఒక అంకె. మొదటి అక్షరం పెద్దగా, కొక్కెంలా ఉన్నట్టుంటుంది. ఒకసారి K అనిపిస్తుంది, ఒకసారి R. ఉక్రెయిన్ మ్యాపు తెరిచి ఊళ్లు వెతికాను. వందలున్నాయి. అసలు ఆ కొక్కెం ఆ ఫోటో కిందదేనా, నేను కల్పించుకున్నదా? దాన్ని కూడా నమ్మలేను. పోయిన దాన్ని ఎక్కడని వెతకను?

పోయిన నెల లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఆ ఫోటో తెరిచాను. ఇప్పుడు ఫోటోల కింద ఎవరైనా వ్యాఖ్య రాయొచ్చు. అక్కడ ఒకటే ఉంది, మూడేళ్ల కిందటిది. 'ఎడమ చివర నిలబడ్డది మా అమ్మ అనుకుంటున్నాను. ఈ ఊరు ఏదో తెలిసినవారు దయచేసి రాయండి. నాకు ఎక్కువ కాలం లేదు. హెలెన్.' దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు.

ఆవిడ ఉందో లేదో తెలియదు. ఉంటే చదువుతుందో లేదో తెలియదు. చదివితే నన్ను తిడుతుందా, ఏడుస్తుందా, అదీ తెలియదు. ఏది జరిగినా ఆపడం నా చేతిలో లేదు, ఇవ్వడానికి నా దగ్గర ఊరి పేరూ లేదు. అయినా కూర్చుని రాశాను. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. పంపేశాను. మీకు నా పేరు చెప్పలేదు గానీ అక్కడ పూర్తి పేరు పెట్టాను.

'ఈ ఫోటోలు విడిగా రాలేదు. ఆల్బమ్‌లో వచ్చాయి. ఈ ఫోటో కింద రాసి ఉంది. ఆ పేజీ పారేసింది నేను. మీరు అడిగినప్పుడు లేదని చెప్పిందీ నేనే.'