చిల్లుల డ్రమ్ములో కోళ్ళు

మా బావమరిది ఏ ఇనుప ముక్కను చూసినా వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. "మస్తు ఇనుము, బావా" అనేవాడు. ఇనుము అతనికి ఏం చెప్పేదో గాని, తుప్పు సంగతి మాత్రం దాచేది.

మస్కట్ హోటల్లో గిన్నెలు కడిగి వచ్చినవాడు, అక్కడిలా మాంసాన్ని పొగలో మగ్గబెట్టి ఆర్మూరులో అమ్ముతానన్నాడు. "గిది సక్కగైతే హైవే మీద హోటల్ పెడ్త. కాకుంటే వచ్చే వారం మళ్ళ మస్కట్ పోత" అన్నాడు భార్యతో. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆమె అతనితో ఉన్నది ఎనిమిది నెలలు.

పొగపెట్టె కోసం పాత సామాన్ల కొట్టు నుంచి అతను తెచ్చింది పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్ము. దుమ్ము రాలడానికి దాని ఒంటినిండా చిల్లులే. నేను వేలెత్తి చూపించాను.

"పొగకు గాలాడాలె బావా, నీకు సమజ్ గాదు" అన్నాడు.

గోడకు మేకు కొట్టడం కూడా రానివాణ్ణి గనుక, పొగకన్నా పొగరే ఎక్కువని మనసులోనే అనుకున్నాను.

పొద్దున్నే కోళ్ళను కోసి డ్రమ్ములో వేలాడదీసి, కింద పొగ పెట్టాడు. మధ్యాహ్నానికి కోళ్ళకు తప్ప వాడకంతా పొగపట్టింది. అవి పచ్చిగానే, డ్రమ్ములో మిగిలిన పసుపు ఒంటికి రాసుకుని వేలాడుతున్నాయి. అతని భార్య వాటిని లోపలికి తీసుకెళ్ళి, కడిగి, పొయ్యి మీద వేయించి తెచ్చింది.

అతను ఒక ముక్క నమిలాడు. "గిది నీ చేతి వంట లెక్కనే ఉందేందే?"

"నా చేతిదే. హోటల్ల నేనే వండుత. నువ్వు బయట గిట్లనే పొగ వెట్టు. ఏం తగలవడ్డదో సూద్దామనన్న జనం వస్తరు."

ఇప్పుడు హైవే మీది హోటల్లో ఆమె వండుతుంది. అతను ముందు నిలబడి వచ్చినవాళ్ళకు డ్రమ్ము మహిమ చెబుతాడు.