అక్క చెప్పిన సినిమా

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. అందుకే మిల్లులో మేమంతా అక్క అని పిలిచిన ఆమె గురించి ఇప్పటిదాకా రాయలేకపోయాను.

పందొమ్మిది వందల అరవైల్లో తాండూరు పప్పు మిల్లులో ఇద్దరం కందులు చెరిగేవాళ్లం. తను చూసొచ్చిన సినిమాలు అక్క మా అందరికీ చెప్పేది. మంచి ఘట్టం రాగానే చాట ఆపేది.

ఒకరోజు అక్క ఒక కొత్త తెలుగు సినిమా చెబుతుంటే, మాతో చెరిగే పోర్టరు భార్య ఎగతాళి చేసింది. "గా డైరెక్టరుకు సొంత బుద్ధి ఏడుందక్కా? మొత్తం హిందీ సినిమానే ఎత్తుకొచ్చిండు."

"కథ హిందీదే కావచ్చు," అంది అక్క చాట ఆపి. "కొడుకు ఇల్లిడిచి పోతుంటే తల్లి వాని చెప్పులు తుడిచి పెడ్తది. గా సీను మాత్రం ఆయన సొంతం."

"గది నువ్వే కల్పించినవేమో."

అక్క ముఖం చిన్నబోయింది. ఇక తన కథలు ఎవరూ వినరేమోనని భయం.

నేనే చూసొస్తానని అందరికీ చెప్పి, ఆ ఆదివారం వికారాబాద్‌లో చెల్లెలింటికి పోయి ఆ సినిమా చూశాను. కొడుకు వెళ్లిపోయాడు, తల్లి ఏడ్చింది. చెప్పులు ఎవరూ తుడవలేదు.

మర్నాడు పొద్దున రైలు దిగి నేరుగా మిల్లుకు పోయాను.

"ఉన్నదా మరి?" పోర్టరు భార్య అందరి ముందే అడిగింది. అక్క తల ఎత్తలేదు.

"సినిమాల లేదు," అన్నాను. "గా డైరెక్టరుకు తోచలే, మన అక్కకు తోచింది."

అక్క పక్కన కూర్చుని, కథ మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాను.