బ్రేకులున్నట్టు సర్టిఫికెట్

గొర్లకాపరుల ఇంట పుట్టిన ఐలేశం మిలిటరీలో లారీ తోలడం నేర్చి, 1958లో చిట్యాలలో దశరథం సేటు దగ్గర డ్రైవరుగా చేరాడు. సేటు లారీకి ముందు నిమ్మకాయలు, వెనక దేవుడి బొమ్మ ఉండేవి. బ్రేకులు మాత్రం ఉన్నా లేనట్టే.

"సేటూ, బ్రేకులు పడుతలెవ్వు. బాగు చేపియ్యాలె."

"శుక్కురారం శుక్కురారం కొబ్బరికాయ కొడుతున్న గదరా. ఇంకేం ఫికర్?"

ఏటా తనిఖీకి ముందు సేటు పక్క లారీ టైర్లు, హారను కిరాయికి తెచ్చి బిగించేవాడు. బ్రేకులు అలా కుదరవు కాబట్టి బ్రేకిన్‌స్పెక్టరుకు కోడికూర వండించేవాడు. ఆయన చేయి కడుక్కుని, లారీని కదిలించకుండానే "బండి చక్కగా ఆగుతుంది" అని రాసిచ్చేవాడు. కదలని బండి ఆగే ఉంది గనుక అందులో అబద్ధమేమీ లేదు.

ఒక ఏడు అలా రాసిచ్చిన మర్నాడే ఆయన జీపు దారిలో చెడిపోయింది. ధాన్యం బస్తాలతో వస్తున్న ఐలేశం లారీకి చేయెత్తాడు. లారీ ఆయన్ని దాటి చాలా దూరం పోయి ఆగింది. ఆయన రొప్పుతూ ఉరికొచ్చి ఎక్కాడు.

"గంత దూరం పోయినవేందయ్యా?"

"గిది దగ్గర్నే ఆగింది సార్."

కట్టంగూర్ దిగుడులో ఒక ఎడ్లబండి అడ్డం వచ్చింది. బండి మీద ఒక ముసలమ్మ.

"ఆపు! ఆపు!"

"ఆగుతదని నిన్న మీరే రాసిచ్చిండ్లు గద సార్!" అంటూనే ఐలేశం గేరు దించి, లారీని దున్నిన చేలోకి తిప్పాడు. మెత్తటి దుక్కిలో దిగబడి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

లారీ దిగి రోడ్డెక్కాక ఇన్‌స్పెక్టరుకు చట్టం గుర్తొచ్చింది. బ్రేకుల్లేవంటే నిన్నటి రాత తప్పవుతుంది. అందుకని సరుకు లారీలో మనిషిని ఎక్కించుకున్నాడని ఐలేశం లైసెన్సు మూణ్ణెల్లు ఆపించాడు. ఆ మనిషి ఎవరో రాయలేదు.

"గా సారును ఎందుకెక్కిచ్చుకున్నవయ్యా?" అంది భార్య బీరమ్మ.

ఐలేశం నవ్వబోయాడు. ముసలమ్మ ముఖం కళ్లలో మెదిలి నవ్వు రాలేదు.

మూణ్ణెల్లు గొర్లు కాశాడు. సేటు మళ్లీ కబురు పెడితే, బ్రేకులు చేపిచ్చినంకనే వస్తనన్నాడు. దాంతో చిట్యాలలో ఏ సేటూ పని ఇవ్వలేదు. చివరికి నకిరేకల్‌లో, భర్త పోయాక లారీ నడిపిస్తున్న నిర్మలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ముందుగాల బ్రేకులు చూస్తనమ్మా."

"చూడు బిడ్డా. మా ఆయన చూడకనే తోలి పానం పోగొట్టుకున్నడు" అని ఆమె తాళంచెవి చేతిలో పెట్టింది.

ఐలేశం చక్రాలు విప్పడం మొదలుపెట్టాడు. బండి ఎప్పుడు కదులుతుందని ఆమె ఒక్కసారీ అడగలేదు.