ఉప్పునీళ్లలో వచ్చిన గడ్డ

రూతమ్మకు హార్మోను పరీక్ష పాజిటివ్ వచ్చింది! స్లైడ్ నిండా గోధుమరంగు చుక్కలే. రొమ్ము క్యాన్సర్‌లో ఇది శుభవార్త. హార్మోను మాత్రలు ఆమెకు పనిచేసే అవకాశం ఉంది.

ఈ ఎండాకాలం సంగతి. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేను, కడపలో ఒక పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఆలూరు దగ్గరి కూలీ రూతమ్మకు ఒక నర్సింగ్‌హోమ్‌లో ఆపరేషన్ చేశారు. తీసిన గడ్డను రెండు రోజులు ఉంచి, డబ్బాలో పెట్టి ఆమె కూతురు సునీత చేతికిచ్చి బస్సెక్కించారు. మూత తీస్తే కుళ్లు వాసన! తీసిన వెంటనే కోసి ఫార్మలిన్‌లో వేస్తే కణాలు ఉన్నవి ఉన్నట్టు నిలుస్తాయి. వీళ్లు సెలైన్ పోశారు. ఒళ్లు మండి ఆ నర్సింగ్‌హోమ్ కాంపౌండర్‌కు ఫోన్ చేశాను.

"ఏమప్పా, ఫార్మలిన్ లేదా మీకాడ?"

"అయిపోయిండాది పాపా. ఉప్పునీళ్లే కదా, యాడ చెడిపోతాది?"

"మామిడికాయ అనుకుంటివా, ఊరేసేదానికి?"

"శానా మాట్లాడ్తాండావే! మాకేమన్నా ఇది కొత్తనా?"

ఉన్నదానితోనే ఈఆర్ పరీక్ష చేశాం. క్యాన్సర్ కణాలకు హార్మోనుతో పొత్తు ఉంటే రంగు పట్టాలి. పట్టలేదు.

"అంటే మా యమ్మకు ఆ మాత్రలు ఇయ్యరాక్కా?" అంది సునీత.

మళ్లీ మైక్రోస్కోప్‌లో చూశాను. గడ్డ పక్కనున్న మామూలు పాలనాళాలకూ రంగు లేదు. వాటికి కొంతైనా పట్టి తీరాలి. అదే మాకు కంట్రోల్, పరీక్ష సరిగ్గా జరిగిందనడానికి గుర్తు. స్లైడ్ తీసుకుని మా ల్యాబ్ డాక్టర్ మేడమ్ దగ్గరికి పరుగెత్తాను.

"ఇది నెగిటివ్ కాదు, చెడిపోయిన ముక్క," అన్నారామె. "ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన ముక్క ఎక్కడుందో కనుక్కో."

కర్నూలు ల్యాబ్‌లో ఉంది. తీసిన నిమిషాల్లోనే ఫార్మలిన్‌లో వేసి, మైనంలో పొదిగి దాచారు. సునీత వెళ్లి తెచ్చింది. ఈ ఉదయం రంగు వేశాను.

'లేదు' అని రాసేముందు ఆ ముక్క ఎందులో ఉండి వచ్చిందో అడగాలి. ఈ కేసు నేర్పింది ఇదే. నేర్చుకున్నాక ఊరుకోలేక పాత రిజిస్టర్ తిరగేశాను. ఆ నర్సింగ్‌హోమ్ ముక్కలకు మా ల్యాబ్ సంతకంతోనే వెళ్లిన నెగిటివ్‌లు ఇంకా నాలుగు ఉన్నాయి!

సునీతకు చెప్పేశాను, ఏడ్చింది. ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: రూతమ్మ క్యాన్సర్ డాక్టరు, కర్నూలు ల్యాబ్ వాళ్లు, మా అమ్మ. ఆ తర్వాత హుసేన్‌బీ, లక్ష్మీదేవి, ఎస్తేరమ్మ, నాగమ్మ.