చరిత్ర గల పొయ్యి

మిన్నెసోటాలో సరస్సు ఒడ్డున, స్కౌటు పిల్లల కోసం ఊరివాళ్లు కట్టిన దుంగల ఇల్లొకటి ఉంది. దాని తాళంచెవి అర్విడ్ థోర్సన్ మెడలోనే వేలాడుతుంది. ఏ గుంపు వచ్చినా ముసలాయన ముందు గడప బయటే బూట్లు విప్పిస్తాడు, తర్వాత చేతికర్ర ఎత్తి చరిత్ర మొదలుపెడతాడు. చలి కాచుకునే పొయ్యి కట్టడానికి ఇంటికొక రాయి చొప్పున పొలాల నుంచి ఎలా మోసుకొచ్చారో చెబుతూ, ఒక్కో రాయినీ చుట్టాన్ని పలకరించినట్టు తడుముతాడు. "పెద్దలు ఇదెందుకు కట్టారు? పిల్లలు చలికి వణకకూడదని!" అంటూ చేతికర్రతో నేల మీద కొడతాడు. మంట మాత్రం వేయనివ్వడు. రాళ్లు మసిబారతాయట.

మొన్న అక్టోబరులో పిల్లలు వానలో తడిసి ముద్దయి వచ్చారు. పళ్లు టకటకలాడుతుండగానే చరిత్రంతా విన్నారు. వాళ్లకు కాఫీ తెచ్చిన ఆల్మా హాగెన్ అర్విడ్‌తో కలిసి చదువుకున్న మనిషి. "ఏమయ్యా, ఇందులో మా రాయి ఏది?" అంది. ఆయన గర్వంగా చూపించాడు. "అదా! నాగలి కర్రు విరగ్గొట్టిందని మా నాన్న దాన్ని ఇక్కడికి తెచ్చి వదిలించుకున్నాడు. మసిబారితే ఆయనేం ఏడవడులే" అంటూ, పొయ్యిలో అలంకారానికి పేర్చిన కట్టెలకు అగ్గిపుల్ల గీసి పెట్టింది. కాసేపటికి చూస్తే, మంటకు అందరికన్నా దగ్గరగా ఉన్న కుర్చీ అర్విడ్‌దే.

ఇప్పుడు చరిత్ర కాస్త పెరిగింది. "ఆ మసి చూశారా? పిల్లలు వణుకుతుంటే చూడలేక, ఆ రోజు నేనే వెలిగించాను" అంటాడు. ఆ మసి చెడిపోతుందని మళ్లీ మంట వేయనివ్వడం లేదు.